రంగు ఎవరికి తక్కువ?

మన వాడుకలో ఒక మాట ఉంది. "పిల్ల లక్షణంగా ఉంది గానీ, రంగు కొంచెం తక్కువ." ఈ మాట వినని తెలుగు ఇల్లు ఉండదనుకుంటా. తెల్లగా ఉంటే "మంచి రంగు", నల్లగా ఉంటే "రంగు తక్కువ", మధ్యలో ఉంటే "చామనచాయ". చిన్నప్పటి నుంచీ వింటున్న మాటే కాబట్టి ఎవరం దాని గురించి పెద్దగా ఆలోచించం. ఆలోచిస్తే మాత్రం వింతగానే ఉంటుంది. రంగు అనేది ఉప్పూ కారంలాగా ఎక్కువా తక్కువా అయ్యేదా? అయితే దాన్ని కొలవొచ్చా?

కొలవొచ్చు. హాస్టల్ గదిలో కూర్చుని, ల్యాప్‌టాప్‌లోనే కొలవొచ్చు. నేను కొలిచాను. ఈ వ్యాసం ఆ కొలత గురించే.

నేను బొమ్మలేస్తాను. కాగితం మీద కాదు, క్రీటా అనే సాఫ్ట్‌వేర్‌లో. డబ్బులు కట్టక్కర్లేదు, మన కాలేజీ ల్యాప్‌టాప్‌ల మీద కూడా నడుస్తుంది. పోయిన సంక్రాంతి సెలవులకి తాడేపల్లిగూడెం నుంచి ఊరెళ్ళాను. మాది కైకలూరు దగ్గర, కొల్లేటి పక్క ఊరు. 2022లో ఊరు కదలకుండానే కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాకి మారిపోయాం. అక్కడ మా పెదనాన్న కూతురు ఉంది. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. డిగ్రీ అయ్యాక కైకలూరులో ఒక చోట అకౌంట్లు చూస్తోంది. సంబంధాలు చూస్తున్నారు. అక్క నలుపు. రెండు సంబంధాలు ఆ "రంగు తక్కువ" దగ్గరే ఆగిపోయాయి. మూడోసారికి పెదనాన్న స్టూడియోలో ఫోటో తీయించారు. స్టూడియో అతను కంప్యూటర్లో ముఖమంతా తెల్లగా చేసి, వెనకాల తెల్ల తెర పెట్టి ఇచ్చాడు.

అక్క ఆ ఫోటో నాకు చూపించి అడిగింది. "ఒరేయ్, ఈ ఫోటో చూసి ఒప్పుకుని వచ్చినోళ్ళు నన్ను చూశాక ఏమంటారు? ఒకసారి కాదనిపించుకోవడం చాలదా, రెండుసార్లా? నువ్వేదో బొమ్మలేస్తావుగా. నన్ను నాలాగే వెయ్యి చూద్దాం."

ఆ సాయంత్రం అయిదింటికి చేపల చెరువు గట్టు మీద అక్కని నిలబెట్టి ఫోను కెమెరాతో ఫోటో తీశాను. ఎడమ పక్క నుంచి కిందకి దిగుతున్న ఎండ. పైన నీలం ఆకాశం. మెడ చుట్టూ పసుపు చున్నీ. ఎదురుగా నీళ్ళు. తిరిగి గూడెం వచ్చాక ఆ ఫోటోని క్రీటాలో తెరిచి, కలర్ పికర్‌తో అక్క ముఖం రంగు ఏమిటో చూశాను.

కలర్ పికర్ అంటే తెలియని వాళ్ళకి: తెర మీద ఎక్కడ నొక్కితే అక్కడి రంగుని మూడు అంకెల్లో చెబుతుంది. ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత. ఒక్కొక్కటి 0 నుంచి 255 దాకా. ఎండ తగిలిన చెంప మీద నొక్కితే 170, 97, 53 వచ్చింది. అంటే కాల్చిన ఇటుక లాంటి నారింజ గోధుమ. నుదురు పైభాగం మీద నొక్కితే 138, 129, 137. అంటే ఊదా కలిసిన బూడిద రంగు. దవడ కింద పసుపు తేలిన గోధుమ. చెంప నీడ వైపు దాదాపు నల్లటి మట్టి రంగు. ఒకే మనిషి, ఒకే ముఖం, ఒకే క్షణం. జానెడు దూరంలో నాలుగు రంగులు. వీటిలో "అక్క రంగు" ఏది?

జవాబు ఏమిటంటే, ఏదీ కాదు. లేదా అన్నీ. ఎందుకంటే మన కంటికి చేరేది వస్తువు రంగు కాదు. వెలుతురూ వస్తువూ కలిస్తే వచ్చే ఫలితం. ఈ కలవడం గుణకారంలా ఉంటుంది. బొమ్మలేసే ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా లేయర్ల దగ్గర "మల్టిప్లై" అనే ఆప్షన్ ఉంటుంది చూడండి, అది చేసేది ఇదే. వెలుతురులోని ఎరుపుని వస్తువు తిరిగి పంపే ఎరుపు వంతుతో గుణించు, ఆకుపచ్చని ఆకుపచ్చతో, నీలాన్ని నీలంతో.

కొల్లేటి ఉదాహరణే తీసుకుందాం. ఆటపాక పక్షుల కేంద్రంలో గూడబాతులు చెట్ల మీద గుంపులుగా వాలి ఉంటాయి. మధ్యాహ్నం చూస్తే తెల్లగా ఉంటాయి. ఆ తెలుపు తన మీద పడ్డ ప్రతి రంగులోనూ 0.9 వంతు వెనక్కి పంపిస్తుందనుకుందాం. సాయంత్రం ఎండలో ఎరుపు 1.0 ఉంటే ఆకుపచ్చ 0.6, నీలం 0.3 అనుకుందాం. గుణిస్తే 0.9, 0.54, 0.27. ఇది తెలుపు కాదు, నిఖార్సయిన నారింజ. పక్కనే నీళ్ళ మీద గుర్రపుడెక్క ఆకు ఉంది. అది 0.1, 0.4, 0.05 పంపిస్తుందనుకుంటే, అదే ఎండలో 0.1, 0.24, 0.015 అవుతుంది. నిగనిగలాడే పచ్చ కాస్తా ముదురు ఆలివ్ రంగైపోతుంది. పక్షి మారలేదు, ఆకు మారలేదు. మారింది సూర్యుడి ఎత్తు.

ఇక్కడ మన ఇంజనీరింగ్ వాళ్ళకి ఒక మెలిక. కలర్ పికర్ చూపించే 0 నుంచి 255 అంకెలు వెలుతురు కొలతలు కావు. తెరల కోసం 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి ప్రతిపాదించిన ఎస్ఆర్‌జీబీ పద్ధతిలో, చీకటి వైపు మన కన్ను సున్నితంగా ఉంటుంది కాబట్టి, అంకెల్ని ఆ వైపు ఎక్కువగా పంచారు. అందుకే 128 అంటే సగం వెలుతురు కాదు, 22 శాతమే. సగం వెలుతురు కావాలంటే 188 దగ్గరికి వెళ్ళాలి. ఈ అంకెల్ని నేరుగా గుణిస్తే నీడలు ఉండాల్సినంత సహజంగా రావు. క్రీటాలో కొత్త ఫైలు తెరిచేటప్పుడు లీనియర్ ప్రొఫైల్, 16 బిట్ ఫ్లోట్ ఎంచుకుంటే లెక్కలు అసలు వెలుతురు మీద జరుగుతాయి. సెట్టింగ్ చిన్నదే గానీ బొమ్మ మొత్తం తేడా వస్తుంది.

సరే, గుణకారంతో అయిపోయిందా అంటే, లేదు. నుదుటి మీది ఆ ఊదా బూడిద రంగుకి గుణకారం ఒక్కటే చాలదు. దానికి వస్తువుల సంగతి తెలియాలి.

వెలుతురు ఏ వస్తువు మీద పడినా రెండు దారుల్లో వెనక్కి వస్తుంది. కొంత లోపలికి వెళ్ళి, అక్కడ అటూ ఇటూ తిరిగి, వస్తువు రంగు పూసుకుని బయటికి వస్తుంది. మనం "వస్తువు రంగు" అనేది దీన్నే. ఇంకొంత అసలు లోపలికే వెళ్ళదు. పైపొర మీద తగిలి, గుమ్మంలోంచే వెనక్కి తిరిగి వచ్చేస్తుంది. అది వస్తువు రంగు పూసుకోదు. వచ్చిన వెలుతురు ఏ రంగులో ఉంటే ఆ రంగులోనే పోతుంది. నల్ల కారు మీద ఆకాశం నీలంగా, చెట్లు పచ్చగా కనిపించేది ఈ రెండో దారిలోనే.

దీనికి కొల్లేటి నీళ్ళకంటే మంచి పాఠం లేదు. గట్టు మీద నిలబడి మీ కాళ్ళ దగ్గర నీళ్ళలోకి తిన్నగా చూడండి. నీళ్ళు రెండు శాతం వెలుతురునే పైనుంచి వెనక్కి పంపిస్తాయి. మిగతాది లోపలికి పోతుంది కాబట్టి నాచు, బురద, చెరువైతే మేత వల్ల పెరిగిన పచ్చదనం, అన్నీ కనిపిస్తాయి. ఇప్పుడు తల ఎత్తి దూరంగా చూడండి. చూపు ఏటవాలయ్యేకొద్దీ ఆ రెండు శాతం పెరుగుతూ పోతుంది, నీటి ఉపరితలం వెంబడి చూసేసరికి వందకి చేరువవుతుంది. అక్కడ నీళ్ళ రంగంటూ ఏమీ మిగలదు, అంతా ఆకాశమే. దోనె మీద వెళ్ళే మనిషికి పక్కన పచ్చటి నీళ్ళు, దూరాన వెండి రేకు. రెండూ ఒకే నీళ్ళు.

ఈ రెండు దారుల్ని విడదీసి చూసినవాడు సర్ సి.వి. రామన్. విశాఖపట్నంలో చదువుకుంటూ సముద్రం పక్కనే పెరిగిన మనిషి. 1921లో ఇంగ్లండ్ నుంచి తిరిగొస్తూ, నార్కుండా అనే ఓడ మీద మధ్యధరా సముద్రపు నీలాన్ని చూశాడు. సముద్రం నీలం ఆకాశపు ప్రతిబింబమేనని అప్పటికి లార్డ్ రేలీ లాంటి పెద్దలు చెప్పిన మాట. రామన్ దగ్గర ఒక నికోల్ ప్రిజం ఉంది. సరైన కోణంలో పట్టుకుంటే నీటి పైనుంచి తిరిగొచ్చే వెలుతురుని అది ఆపేస్తుంది. అలా ప్రతిబింబాన్ని తీసేసి చూసినా సముద్రం నీలంగానే ఉంది. అంటే నీటికి లోపలి రంగు వేరే ఉంది. ఆ ప్రశ్నే నడుచుకుంటూ వెళ్ళి 1928 ఫిబ్రవరి 28న రామన్ ఎఫెక్ట్ దగ్గర తేలింది. ఒక చేతి పరికరంతో ఆయన చేసిన పని, బొమ్మలేసేవాడు లేయర్లతో చేస్తాడు. లోపలి రంగుకి ఒక లేయరు, పై మెరుపుకి ఒక లేయరు.

అన్ని వస్తువులూ నీళ్ళలా ఉండవు. బంగారం, ఇత్తడి లాంటి లోహాలకి లోపలి దారే లేదు, పై మెరుపుకే రంగుంటుంది. అందుకే గాజుల మీద మెరుపుచుక్క తెల్లగా వేస్తే ప్లాస్టిక్‌లా కనిపిస్తుంది, పసుపుగా వేస్తే బంగారమవుతుంది. శీలావతి చేప పొలుసు వెండిలా మెరిసేది లోహం ఉండి కాదు. పల్చటి గ్వానిన్ పలకలు పొరలు పొరలుగా పేర్చి ఉండి, అద్దాల దొంతరలా వెలుతురుని తిప్పి పంపుతాయి.

మరి ఏలూరు తివాచీ? మా బంధువుల ఇంటికి వెళ్ళినప్పుడల్లా పక్కన మగ్గం ఉన్న ఇంట్లో కాసేపు కూర్చుంటాను. ఉన్ని ముడులతో చేసే ఈ నేత పర్షియా నుంచి వచ్చిన నేతగాళ్ళతో ఏలూరు చేరిందంటారు. 1851లో లండన్‌లో జరిగిన గ్రేట్ ఎగ్జిబిషన్‌లో ఏలూరు తివాచీలు ప్రదర్శనకి పెట్టారు. ఆ తివాచీకి ఒక వైపు నిలబడి చూస్తే ఎరుపు లేతగా, మెరుస్తూ ఉంటుంది. చుట్టూ తిరిగి అటువైపు నుంచి చూస్తే అదే ఎరుపు చిక్కగా, ముదురుగా ఉంటుంది. ఉన్ని పోగులు ఒక వైపుకి వాలి ఉంటాయి. వాలిన వైపుకి చూస్తే పోగుల పక్కలు కనిపిస్తాయి, వెలుతురు జారి వస్తుంది. ఎదురుగా చూస్తే పోగుల కొసలు, వాటి మధ్య లోతు కనిపిస్తాయి, వెలుతురు లోపల ఇరుక్కుంటుంది. అద్దకం ఒకటే, రంగులు రెండు.

ఇక మళ్ళీ అక్క నుదురు దగ్గరికి వద్దాం. చర్మానికీ ఈ రెండు దారులే. చర్మం పైపొర దాదాపు మూడు శాతం వెలుతురుని గుమ్మంలోంచే పంపేస్తుంది. రంగునిచ్చే మెలనిన్ ఉండేది ఆ గుమ్మానికి లోపల. కాబట్టి తెల్లవాళ్ళకైనా నల్లవాళ్ళకైనా ఆ మూడు శాతం ఇంచుమించు ఒకటే. తేడా అంతా లోపలి దారిలోనే. ఒక తెల్లటి చర్మం లోపలి నుంచి 40 శాతం పంపుతుందనుకుందాం, ఒక నల్లటి చర్మం 10 శాతం అనుకుందాం. తెల్లటి ముఖం మీద మొత్తం 43లో 3 పైమెరుపు, అంటే ఏడు శాతం. నల్లటి ముఖం మీద 13లో 3, అంటే 23 శాతం. చుట్టూ ఉన్న లోకం, ఆకాశం, నీళ్ళు, చున్నీ, గోడ, నల్లటి ముఖం మీద మూడింతలు స్పష్టంగా కనిపిస్తాయి.

అక్క నుదురు లెక్క వేసి చూశాను. అక్క చర్మం లోపలి రంగు 0.20, 0.10, 0.06 అనుకున్నాను. మెలనిన్ నీలాన్ని ఎక్కువగా, ఎరుపుని తక్కువగా మింగుతుంది కాబట్టి ఎరుపు పైన ఉంటుంది. నుదుటి పైభాగానికి ఎండ తగలడం లేదు, ఆకాశం వెలుతురే పడుతోంది. దాన్ని 0.4, 0.6, 1.0 అనుకుంటే, గుణకారం వల్ల 0.08, 0.06, 0.06 వస్తుంది. దానికి ఆకాశంలోంచి మూడు శాతం పైమెరుపు కలిపితే 0.092, 0.078, 0.09. ఎరుపూ నీలం సమానం, మధ్యలో ఆకుపచ్చ కాస్త తక్కువ. అంటే ఊదా బూడిద. కలర్ పికర్ చూపించిందీ అదే. చెంపకి లెక్క వేస్తే, అదే చర్మం, సాయంత్రం ఎండ, 0.20, 0.06, 0.018. ఇటుక నారింజ. అదీ సరిపోయింది. నుదుటి మీద ఆకాశం, చెంప మీద సూర్యుడు, దవడ కింద చున్నీ. ముఖం మీద ఊరి సాయంత్రం మొత్తం ఉంది.

ఇప్పుడు మొదట్లో చెప్పిన కొలత. రంగుని కొలవడానికి సాఫ్ట్‌వేర్‌లో హెచ్ఎస్‌వీ అనే పద్ధతి ఉంది. హ్యూ అంటే ఏ రంగు, సాచురేషన్ అంటే ఆ రంగు ఎంత చిక్కగా ఉంది, వాల్యూ అంటే ఎంత వెలుగుగా ఉంది. సాచురేషన్ లెక్క సులువు. మూడు అంకెల్లో పెద్దదాంట్లోంచి చిన్నదాన్ని తీసేసి, పెద్దదాంతో భాగించాలి. అక్క చెంప 170, 97, 53. సాచురేషన్ 69 శాతం. స్టూడియో ఫోటోలో అదే చెంప మీద నొక్కితే 236, 208, 196. సాచురేషన్ 17 శాతం.

అంటే లెక్క ప్రకారం రంగు తక్కువ ఉన్నది స్టూడియో ఫోటోకి. అక్కకి కాదు. అక్కకి తక్కువ ఉన్నది వాల్యూ, అంటే వెలుగు. వెలుగునీ రంగునీ కలిపేసి, ఒకదాని పేరుతో ఇంకొకదాన్ని కొలిచి, ఆ కొలతతో మనుషుల్ని కాదంటున్నాం. ఇది కంటి సమస్య కాదు, మాట సమస్య.

మన ఒక్కరి సమస్యా కాదు. 1950ల నుంచి కొడాక్ కంపెనీ ఫోటో ల్యాబులకి రంగులు సరిచూసుకోవడానికి ఒక కార్డు పంపేది. దాని మీద ఒక తెల్లమ్మాయి ఫోటో. ఆ మొదటి మోడల్ పేరుతో అన్నింటినీ షర్లీ కార్డులనేవారు. ఆమె చర్మం బాగా వస్తే ప్రింటు బాగున్నట్టు. దీని గురించి పరిశోధించిన కెనడా ప్రొఫెసర్ లోర్నా రాత్ 2009లో ఒక వ్యాసం రాశారు. ఫిల్ము గోధుమ రంగుల్ని మెరుగ్గా పట్టుకునేలా కొడాక్ మార్పులు చేయడానికి ఒక కారణం చాక్లెట్ కంపెనీలూ చెక్క సామాను కంపెనీలూ ఫిర్యాదు చేయడమట! చర్మాన్ని సూర్యరశ్మికి అది స్పందించే తీరుని బట్టి విభజించే ఫిట్జ్‌పాట్రిక్ స్కేలు 1975లో వచ్చింది. మొదట అది తెల్లవాళ్ళ కోసమే. గోధుమ, నలుపు చర్మాలకి ఉన్న అయిదు, ఆరు రకాలు తర్వాత చేర్చినవే. 2022లో హార్వర్డ్ సామాజిక శాస్త్రవేత్త ఎల్లిస్ మాంక్ తయారుచేసిన పది ఛాయల స్కేలుని గూగుల్ వాడటం మొదలుపెట్టింది. మన దేశంలో 1975 నుంచి అమ్ముడుపోయిన ఒక క్రీము పేరులోంచి 2020లో "ఫెయిర్" అనే మాట తీసేశారు. ట్యూబు మీద నుంచి మాట పోయింది గానీ మన నోట్లోంచి ఇంకా పోలేదు.

విచిత్రం ఏమిటంటే మన దేవుళ్ళ దగ్గర మాత్రం మనకీ పేచీ లేదు. రాముడు నీలమేఘశ్యాముడు, కృష్ణుడు నల్లనయ్య, ద్రౌపది పేరే కృష్ణ. క్యాలెండర్లలో కృష్ణుణ్ణి నీలంగా వేస్తారు. కారణాలు ఎన్నైనా చెబుతారు గానీ, అక్క నుదురు లెక్క వేశాక నాకొకటి అనిపిస్తోంది. ఆరుబయట, ఆకాశం కింద, పైకి చూస్తున్న నల్లటి ముఖాన్ని శ్రద్ధగా చూసిన ఏ చిత్రకారుడికైనా అక్కడ నీలం కనిపించే ఉంటుంది.

బొమ్మ మొదలుపెట్టాను. క్రీటాలో ఒకే గోధుమ రంగుతో ముఖం నింపి, నీడ కోసం దానికే నలుపు, మెరుపు కోసం తెలుపు కలిపితే ముఖం మట్టిబొమ్మలా ఉంటుంది. అలా కాకుండా లోపలి రంగు ఒక లేయరులో పెట్టాను. దాని మీద ఎండకి ఒక మల్టిప్లై లేయరు, ఆకాశానికి ఒకటి. అన్నిటికంటే పైన పైమెరుపు, అది కూడుతుంది కాబట్టి "యాడ్" మోడ్‌లో. ముక్కు గీత మీద, చెంప ఎముక మీద, కింది పెదవి మీద ఆకాశం నీలం పల్చగా. చెవి వెనక ఎండ ఉంది కాబట్టి చెవి అంచు ఎర్రగా. అక్కడ వెలుతురు పల్చటి చర్మంలోంచి దూరి రక్తం రంగు పూసుకుని వస్తుంది, నల్లటి చెవికైనా సరే.

వెనకాల ఏం పెట్టాలన్నది చివరి ప్రశ్న. దీనికి పాత కథ ఒకటి ఉంది. పారిస్‌లో గోబెలిన్స్ అనే తివాచీ, తెరల కార్ఖానాలో మిషెల్ షెవ్రూల్ అనే రసాయన శాస్త్రవేత్త 1824లో అద్దకాల విభాగానికి అధిపతి అయ్యాడు. నలుపు అద్దకం సరిగ్గా దిగడం లేదని ఆయనకి ఫిర్యాదు. పరీక్షిస్తే అద్దకంలో లోపం లేదు. ఆ నల్ల ఉన్ని నీలం, ఊదా పోగుల పక్కన పడటం వల్ల వెలిసినట్టు కనిపిస్తోంది. పక్క రంగు మారితే మన కంటికి ఈ రంగూ మారిపోతుందని ఆయన 1839లో పుస్తకం రాశాడు. ఏలూరు మగ్గం ముందు కూర్చున్న ఏ నేతగాడికైనా ఈ సంగతి చేతికి తెలిసే ఉంటుంది. స్టూడియో తెల్ల తెర ముందు ఏ ముఖమైనా ఉన్నదానికంటే నల్లగా కనిపిస్తుంది. అక్క వెనకాల నేను చెరువు అవతలి గట్టు చెట్ల ముదురు ఆకుపచ్చని పెట్టాను. ముఖం మీద ఒక్క అంకె మార్చకుండానే ముఖం వెలిగింది.

బొమ్మ పంపితే మొదట అక్క అంతా పసుపుగా ఉందేంట్రా అంది. ఫోన్లో కంటికి హాయిగా ఉండే మోడ్ ఆన్ చేసి ఉంది, అది తెరలోని నీలాన్ని తగ్గించేస్తుంది. తీసెయ్యమన్నాను. కాసేపటికి ఫోన్ చేసింది.

"నుదుటి మీద ఈ నీలం ఏంట్రా?"

"ఆకాశం అక్కా."

"నా మొహం మీద ఆకాశం ఉందా?"

"ఆ రోజు ఉంది. ఇదిగో ఫోటో, నువ్వే చూడు."

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "నేనే ఉన్నానురా ఇందులో" అంది. పెద్దమ్మ మాత్రం వెనక నుంచి "కొంచెం తెల్లగా వెయ్యాల్సింది నాన్నా" అంది. ఇంత భౌతికశాస్త్రం పెద్దమ్మని కదిలించలేదు. కదిలిస్తుందని నేనూ అనుకోలేదు.

బొమ్మని పెళ్ళిళ్ళ పేరయ్యకి ఇవ్వలేం కదా. అందుకని ఉగాదికి వెళ్ళినప్పుడు అదే గట్టు మీద, అదే సమయానికి, చెట్ల ముందు అక్కని నిలబెట్టి ఫోటో తీశాను. దాన్ని ఏమీ దిద్దలేదు. అక్క పట్టుబట్టి ఆ ఫోటోనే ఇప్పించింది. పెదనాన్న రెండు రోజులు గొణిగి ఊరుకున్నారు. సంబంధం ఇంకా కుదరలేదు. కానీ ఫోటో చూసి వచ్చినవాళ్ళు మనిషిని చూసి ముఖముఖాలు చూసుకోవడం మాత్రం ఆగింది. వచ్చేవాళ్ళు అక్కని చూడ్డానికే వస్తున్నారు.

మన క్లబ్బులో ఫెస్ట్ పోస్టర్లు వేసేవాళ్ళకి, కవర్ పేజీలు చేసేవాళ్ళకి ఒక మాట. సాఫ్ట్‌వేర్‌లో "స్కిన్" అని రెడీమేడ్‌గా ఇచ్చే లేత గులాబీ రంగులు మన కోసం కలిపినవి కావు. ఒక పని చేయండి. సాయంత్రం అయిదింటికి హాస్టల్ మెట్ల మీద మీ రూమ్మేట్‌ని కూర్చోబెట్టి, ఫ్లాష్ లేకుండా, ఫిల్టర్ లేకుండా ఒక ఫోటో తీయండి. నుదురు, చెంప, దవడ, చెవి అంచు, నాలుగు చోట్ల కలర్ పికర్ పెట్టి అంకెలు రాసుకోండి. సాచురేషన్ లెక్క వేయండి. ఆ తర్వాత ఎవరి ముందైనా "రంగు తక్కువ" అన్న మాట వస్తే, మీ దగ్గర కాగితం మీద అంకెలు ఉంటాయి.